కంప్యూటర్‌లో తప్పిన అడుగు

ఆ రోజుల్లో కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా, దాన్ని కనిపెట్టింది నేనే అన్నంత గర్వం నాకు. ఆ గర్వం వల్లే ఒక ఆదివారం మధ్యాహ్నం, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా, ఒక మంచి మనిషిని పదిమందిలో తలదించుకునేలా చేశాను. నవ్వుకుంటూనే రాస్తున్నాను గాని, తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పుడు బద్వేలులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, పెదనాయన ఇంట్లో ఉండేవాణ్ణి. పెదనాయనకు పగలు విత్తనాల అంగడి, సాయంత్రమైతే చెక్కభజన. చెక్కలు చేతికి తీసుకున్నాడంటే ఆయన మనిషే వేరు. చెక్క మోగేసరికి కాలు నేలమీద ఉండాలి, లేకపోతే ఇంటికి పొమ్మనేవాడు. ఆ జట్టులో అందరికంటే ముందు నిలబడేది సోడా మామ. బజారులో బండి మీద గోలీసోడా అమ్మేవాడు కాబట్టి ఊరందరికీ సోడా మామే. ఆయన కాలు చూసి మిగతావాళ్లు అడుగు వేసేవారు. శివరాత్రికి మహానందిలో ఆ ముందు వరసలో నిలబడటం ఆయనకు ఏడాదికొకసారి వచ్చే పెళ్లిరోజు లాంటిది.

ఒకసారి టీవీవాళ్లు వచ్చి ఆ జట్టు భజనను వీడియో తీసుకుపోయారు. ఆదివారం మధ్యాహ్నం వేస్తామని కబురొచ్చింది. మేడమీద డిష్ గొడుగుంది, ఇంట్లో టీవీ ఉంది, బొమ్మ చక్కగా వస్తోంది. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ నేను అప్పుడే హైదరాబాదు నుంచి యూఎస్‌బీ ట్యూనర్ తెచ్చుకుని ఉన్నాను. అరచేతి వెడల్పు డబ్బా. గొడుగు నుంచి దిగే తీగను దానికి తగిలించి, దాన్ని కంప్యూటర్‌కు కలిపితే చాలు, డిజిటల్ టీవీ కంప్యూటర్‌లోనే. పైగా చూస్తూనే రికార్డు చేసుకోవచ్చు. (ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పాను, పాలు పోసే ఆమెతో సహా.) చానళ్లు వెతకమని మీట నొక్కినప్పుడు ఒక్కొక్క పేరూ తెరమీదికి వస్తుంటే ఇల్లంతా వినిపించేలా పైకి చదివాను. టీవీ మానుకోండి, అద్దంలో చూసినట్టు చూపిస్తానని పెదనాయనకు మాటిచ్చి, ఉన్న టీవీ తీగ పీకేశాను.

జట్టంతా తలపాగాలు చుట్టుకుని మరీ వచ్చారు. వీధివాళ్లు కిటికీల దగ్గర నిలబడ్డారు. భజన మొదలైంది, అందరూ తమను తాము చూసుకుని ఒక్కసారి గొల్లున నవ్వారు. నేను రికార్డింగు మీట నొక్కాను. నా పాత కంప్యూటర్‌కు ఒకేసారి రెండు పనులు చేసే ఓపిక లేదు. చెక్కల చప్పుడు ముందొస్తోంది, చేతులు ఆ తర్వాత కలుస్తున్నాయి. పాట పల్లవికొచ్చింది, కాళ్లింకా పాత చరణంలోనే ఉన్నాయి. గదిలో నవ్వులు ఆగిపోయాయి. పెదనాయన మొహం నల్లబడింది. అందరూ తప్పారంటే, అందరూ ఎవరి కాలు చూశారో వాడిదే తప్పు. ఆయన లెక్క అది.

“ఏమప్పా, ఊరూరా చూస్తాండారు. ఇట్లనా ఏసేది అడుగు?” అన్నాడు.

“నేను తప్పలేదన్నా,” అన్నాడు సోడా మామ. తెరనే చూస్తున్నాడు. “ఈడ ఎట్ల తప్పిందో నాకే తెలీడం లేదు.”

“కండ్లతో చూసినాంక గూడా బొంకుతావేంది? మహానందికి నువ్వు ఎనక నిలబడు.”

అప్పుడు చెప్పాలి నేను. తడబడింది మామ కాదు, నా కంప్యూటర్ అని. అద్దంలో చూసినట్టు చూపిస్తానని మాటిచ్చింది నేనే మరి. తలొంచుకుని తీగలు సర్దాను.

ఆ తర్వాత సోడా మామ భజనకు రావడం మానేశాడు. ఒకరోజు ఇన్‌స్టిట్యూట్ ముందు బండి ఆపి నాకు సోడా కొట్టిచ్చాడు. నేను గుటక వేస్తుండగా మెల్లగా అడిగాడు.

“అల్లుడా, కంప్యూటర్లో ఏమన్నా చేయొచ్చంట గదా. ఆ అడుగులు సరిజేసేదానికి అయితాదేమో చూడు. డబ్బులిస్తాలే.”

ఆ సోడా ముక్కులోకి ఎక్కింది. కళ్లనీళ్లు దాని వల్లేనని మామ అనుకున్నాడు, వీపు మీద చరిచాడు.

ఆ సాయంత్రమే ఇన్‌స్టిట్యూట్‌వాళ్లను బతిమాలి, అక్కడ కొత్తగా కొన్న కంప్యూటర్‌ను తెచ్చి, భజన జరిగే చోట పెట్టాను. సోడా మామను చేయిపట్టి లాక్కొచ్చాను. ముందు నిజం చెప్పి, తర్వాత రికార్డు చేసింది వేశాను. నా పాత కంప్యూటర్ చూపించడంలో తడబడింది గాని, రికార్డులో ఏ లోపమూ లేదు. చెక్క మోగింది, కాలు పడింది, మళ్లీ మోగింది, మళ్లీ పడింది. జట్టు లేచి నిలబడి తెరతో పాటు చెక్కలు వాయించింది. అయిపోయాక పెదనాయన తన చెక్కలు తీసి సోడా మామ చేతిలో పెట్టి, ముందుకు రాప్పా అన్నాడు. నా వైపు తిరిగాడు.

“ఆ పొద్దు చూసినోళ్ల ఇండ్లకన్నిటికీ పో. చూపించి, చెప్పుకోని రా.”

అంత బరువు ఎలా మోయాలా అని చూస్తుంటే సోడా మామే బండి తోసుకొచ్చాడు. సీసాల మధ్య కంప్యూటర్‌ను కూర్చోబెట్టి ఇద్దరం వీధులన్నీ తిరిగాం. నాకు శిక్ష, ఆయనకు ఊరేగింపు. ప్రతి ఇంట్లోనూ, ఇంకొకసారి వెయ్యమంటారేమోనని వాళ్ల మొహాలు చూసేవాడు, వాళ్లు అనకపోతే తనే అనేవాడు. ఆఖరి ఇంట్లో నేను నోరు తెరిచేలోపే, పిల్లోడి తప్పేం లేదమ్మా, మిషను నిదానం, అంతే అనేశాడు.

“కాదు మామా, నాదే తప్పు,” అన్నాను.

ఆ ఇంటావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, సరేలే నాయనా, ముందు బొమ్మ ఎయ్యండి అంది. వేశాం. పిలకాయలతో కలిసి నేలమీద కూర్చుని, అప్పటికి ఎన్నోసారో గాని, నేనూ కళ్లార్పకుండా చూశాను. అప్పటి నాలోని ఇరవై మూడేళ్ల మేధావి ఇప్పుడు ఎదురైతే ఒక సోడా కొట్టించి, పక్కన కూర్చోబెట్టుకుంటాను.