నేతి చైను సైకిల్ మీద బ్నీద్ అల్ గార్ దాకా

కువైట్‌లో మహబూలా నుంచి బ్నీద్ అల్ గార్‌కు సైకిల్ మీద పోవాలనుకునేవాళ్లు మొదట గాలి ఎటు వీస్తా ఉందో చూసుకోండి. రెండోది, ఏమైనా సరే చైనుకు నెయ్యి తగలనీయొద్దండి. మిగతాదంతా దారే చెప్తుంది.

మాది రాజంపేట పక్కన పల్లె. నా పేరు పెంచలయ్య. మహబూలాలో సముద్రం పక్కన ఒక ముసలి కువైటీ దంపతుల ఇంట్లో వంట చేసేవాణ్ణి. ఆయన్ను బాబా అనేవాణ్ణి, ఆమెను మామా అనేవాణ్ణి. బాబా వయసులో ఉన్నప్పుడు పడవల మీద కాలికట్ దాకా పోయొచ్చిన మనిషి. అందుకని హిందీ బాగా మాట్లాడతాడు. నోటికి 'ప' మాత్రం రాదు. నన్ను బెంచల్ అనేవాడు. నా భార్య ఓబుళమ్మ బ్నీద్ అల్ గార్‌లో వేరే ఇంట్లో పని చేసేది. ప్రతి శుక్రవారం పొద్దున్నే సైకిలెక్కి ఆమె దగ్గరికి పోయి, వాళ్ల గోడ నీడన ఇద్దరం కూర్చొని ఇంత తిని, సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. ముప్పై కిలోమీటర్లు నాకు మా ఊరి చేను గట్టు మాదిరి.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. చక్రం ఉన్న వస్తువు కనబడితే చాలు, ఎత్తుకుపోతా ఉన్నారు. బాబా కారు మొదటి వారమే పోయింది. మామా నన్ను పిలిచి, "నీ సైకిల్ విప్పు" అనింది. విప్పినాను. చక్రాలు మిద్దె మీద పావురాల గూట్లోకి పోయినాయి. హ్యాండిల్ బాబా మంచం కిందికి పోయింది. బెల్లు బియ్యం మూటలోకి పోయింది. చైనును మాత్రం ఆమె చేతులారా సబ్బుతో, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పెద్ద నెయ్యి డబ్బాలో ముంచేసింది.

"అయ్యో మామా, అది తినే నెయ్యి!"

"సముద్రం గాలికి తుప్పు పడుతుంది. నెయ్యిలో ఏదీ చెడదు. నోరు మూసుకో."

ఒకరోజు సోదాకు వచ్చిన సిపాయి ఒకడు ఆ డబ్బా మూత తీసి వేలు పెట్టబోయినాడు. మామా వాని చేతి మీద ఫట్టుమని ఒకటేసి, "చెయ్యి కడుక్కోకుండా తినమని మీ యమ్మ నేర్పిందా?" అనింది. తుపాకి ఉన్నోడు, పాపం, సిగ్గుపడి బయటికి పోయినాడు.

ఇంక చలికాలమంతా గడప దాటింది లేదు. ఆ ఇంటి స్టోర్‌లో బియ్యం, ఖర్జూరం, మాకరోని మూటలు మూటలు ఉండాయి. భయమేసినప్పుడల్లా మామా వండమనేది, వండిందాన్ని తినమనేది. ఆమెకు రోజూ భయమేసేది. యుద్ధంలో అందరూ చిక్కిపోతారు కదా, నేనొక్కణ్ణే బొర్ర పెంచినాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఇరాక్ వాళ్లు పోయినారు. పోతా పోతా నూనె బావులకు నిప్పు పెట్టినారు. పగలే దీపం పెట్టుకోవాల్సిన చీకటి. ఫోన్లు లేవు, బస్సులు లేవు. ఆ మార్చిలో రాయచోటి ఖాదర్ బాయి నీళ్ల ట్యాంకర్ తోలుకొని మా వీధికి వచ్చినాడు.

"పెంచలన్నా, నీ ఇంటామె బాగుండాది. చూసినా. కానీ ఆమె పని చేసే ఇంటి మామా రంజాన్ నెలకు మక్కా పోతా ఉంది, ఇంటికి తాళం. నీ ఇంటామెను తోడుకొనిపోయి సౌదీలోని దమ్మాంలో వాళ్ల తమ్ముడి ఇంట్లో పెడుతుందంట. ఎప్పుడు తిరిగొస్తారో వాళ్లకే తెలీదు."

"నా దగ్గరికి పంపొచ్చు కదా!"

"అదే అడిగినాదంట. మొగుడొచ్చి ఎదురుగా నిలబడితేనే పంపుతా, లేకుంటే దేశం కాని దేశంలో ఒంటరి ఆడమనిషిని రోడ్డు మీద వదలను అనిందంట ఆ మామా. నెలవంక కనబడే ముందురోజు బయల్దేరతారు. పై శనివారం. నిన్ను ఎక్కించుకుందామంటే నా పర్మిట్‌లో డ్రైవర్ ఒక్కడికే అన్నా, చెక్‌పోస్టుల్లో దించేస్తారు."

ఆ సాయంత్రమే సైకిల్ బిగించినాను. వీధి చివరి మసీదు దాకా పోయేసరికి తొడలు వణికి, కళ్లు బైర్లు కమ్మి, సైకిలూ నేనూ ఇసకలో పడినాం. బాబా గడపలో కుర్చీ వేసుకొని అంతా చూస్తా ఉన్నాడు.

"బెంచల్, ఇట్రా. ముత్యాల పడవలోళ్లు చలికాలమంతా ఒడ్డున కూర్చొని తింటారు. మళ్లీ సముద్రానికి పోవాల్నంటే మొదటిరోజే లోతుకు పోతారా? పోరు. ఇల్లు కనబడేంత దూరంలోనే తెడ్డు వేస్తారు. చెయ్యి కాయ కట్టినాకనే లోతు."

మరుసటి రోజు నుంచి ఆయనే నాకు నఖుదా, అంటే పడవ పెద్ద. తన కుర్చీ ఎక్కడ వేసుకుంటే అక్కడిదాకా నేను పోయి తిరిగి రావాల. రోజుకు కొంచెం కుర్చీ దూరం జరుగుతుంది. మొదట మసీదు, తర్వాత మూతబడిన బేకరీ, తర్వాత సముద్రం రోడ్డు. అంత దూరం బాబా నడవలేడు కదా. అందుకని కుర్చీ నా మెడకు తగిలించి, ఆయన క్యారియర్ మీద కూర్చొని, వెనకనుంచి వీపు మీద చరుస్తా "యల్లా! యల్లా!" అనేవాడు. ఆయన తెల్లని పొడుగు అంగీ, దిష్‌దాషా, గాలికి ఎగురుతా ఉంటే వీధిలో మిగిలిన నలుగురూ బయటికొచ్చి చూసేవాళ్లు. ఏడు నెలల తర్వాత ఆ వీధి నవ్వింది అప్పుడే.

మామా తలుపు దగ్గర నిలబడి, "వాణ్ణి చంపుతావా ముసలోడా?" అనేది.

"నేను సముద్రానికి పోతే నువ్వేం చేసినావు? ఒడ్డుకొచ్చి సముద్రాన్ని ఈతమట్టతో కొట్టలేదా, మొగుణ్ణి తెచ్చియ్యి అని? పిల్లిని నీళ్లలో ముంచలేదా?"

"ముంచినాను. వచ్చినావు కదా!" అనింది మామా. ఆ కాలంలో పడవలు తిరిగి రావాల్నని ఆడవాళ్లు అట్లా చేసేవాళ్లంట.

శనివారం పొద్దున ఆరుకు బయల్దేరినాను. సంచిలో నీళ్ల సీసా, ఖర్జూరాలు, ఈ దేశంలో ఉండేదానికి ఇచ్చిన నా ఇఖామా కార్డు. చైనును ఎంత తుడిచినా నెయ్యి పోలేదు. దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తా ఉంది. అదృష్టం అనుకున్నాను. ఫింతాస్ దాటేసరికి తెలిసింది, ఆ గాలి నెయ్యి వాసనను నాకన్నా ముందుగా మోసుకొని పోతా ఉందని.

మొదట ఒక కుక్క లేచి నిలబడింది. ఊరొదిలి పోయినోళ్లు వదిలేసిన కుక్కలు, దుబ్బు జుట్టువీ, పొట్టికాళ్లవీ, ఒకప్పుడు సోఫాల మీద పడుకున్నవి. ఇప్పుడు డొక్కలు ఎండిపోయి ఉండాయి. ఒకటి రెండయింది, రెండు నాలుగయినాయి. మొరగలేదు అవి. మర్యాదగా, చైను మీదే చూపు పెట్టి, నాతో సమంగా పరిగెత్తినాయి. బాబా వారమంతా నేర్పిన తొక్కుడు ఒకెత్తు, ఆ రెండు కిలోమీటర్ల తొక్కుడు ఒకెత్తు. నాలో ఆ బలం ఎక్కడుండిందో దేవునికెరుక. ఖర్జూరాలు విసిరినా, వాసన చూసి వదిలేసినాయి.

మెస్సీలా దగ్గర చెక్‌పోస్టు వచ్చింది. కుక్కలు తుపాకులకు భయపడి ఆగినాయి, నేనూ ఆగినాను. ఒక కువైటీ పిల్లగాడు, గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు, ఇఖామా చూసి, ముక్కు ఎగబీల్చినాడు.

"నెయ్యి! ఏడ దాచినావ్?"

"ఏం లేదు సార్."

సంచి దులిపినాడు. ఏం లేదు. నా పొట్ట మీద తట్టి, "ఈడ దాచినావా?" అన్నాడు. పక్కనున్నోళ్లు పకపకా నవ్వినారు. చివరికి చైను చూపించి మామా కథంతా వచ్చీరాని అరబ్బీలో చెప్పినాను. వాడు గొంతుక్కూర్చొని, చైనుకు వేలు తాకించి వాసన చూసినాడు. నవ్వు ఆగిపోయింది.

"మా యమ్మ అన్నంలో ఇదే నెయ్యి వేస్తుంది. ఆమె బయటి దేశంలో చిక్కుకొని ఉంది," అని లేచి, "పో, నీ భార్య పోకముందే పో. యల్లా!" అని అడ్డం తీసినాడు.

సాల్వా, రుమైథియా దాటేసరికి పొగ కిందికి దిగింది. నల్లని నూనె తుంపర పడతా ఉంది. కళ్లు తుడుచుకుంటే మసి, చొక్కా తుడుచుకుంటే మసి. పిక్కలు పట్టేసినాయి. ఒక కట్ట మీద కూర్చొని, ఇంక కాదు అనుకున్నాను. కానీ తాళం వేసిన గేటు ముందర నిలబడిన నన్ను నేనే ఊహించుకొని లేచినాను. "కుర్చీ ఇంకొంచెమే ముందర ఉంది బెంచల్" అని నాకు నేనే చెప్పుకుంటా తొక్కినాను.

పదిన్నర అయి ఉంటుంది, ఆ వీధిలోకి తిరిగినాను. గేటు ముందర పెద్ద బండి. మిద్దెంత సామాను కట్టినారు. ఓబుళమ్మ చేతిలో పరక, తలకు గుడ్డ. వీధి మొనలో బెల్లు మోగించడం నా అలవాటు. బొటనవేలు పెట్టి చూస్తే బెల్లు లేదు! అది బియ్యం మూటలోనే ఉండిపోయింది.

"ఓబుళా!" అన్నాను.

ఆమె పరక ఎత్తింది. "యెవురు నువ్వు? ఇంట్లో ఏం లేదు పో!"

"మే, నేనే మే!"

మసి కొట్టుకున్న మొగాన్ని చూసింది. కిందికి నా పొట్ట దాకా చూసింది. పరక జారిపోయింది. మోచెయ్యంత లావు లేదు ఆమె నడుము, అంత చిక్కిపోయింది. కళ్లనిండా నీళ్లు నింపుకొని, ఆ నీళ్లతోనే తిట్లు మొదలుపెట్టింది.

"నా మొగుడు యాడ పస్తులుండాడో, యాడ పడిపోయినాడో అని ప్రతి శనివారం ఒక్క పొద్దు ఉంటి కదయా! నువ్వు కనబడేదాకా నెయ్యి ముట్టనని మొక్కుకుంటి కదా! నువ్వేమో నెయ్యి కంపు కొట్టుకుంటా, నిండు చూలాలి మాదిరి వస్తివా!"

ఆమె మామా బండిలోనుంచి తల బయటపెట్టి, "ఇతనేనా ఆకలికి చచ్చిపోతాడని నువ్వు ఏడ్చినోడు?" అనింది. ఓబుళమ్మకు నవ్వొచ్చింది, ఆపుకునేలోపే. ఆ మామా పాస్‌పోర్ట్ తీసి ఆమె చేతిలో పెట్టి, నెత్తిన చెయ్యి ఉంచి, "ఖలాస్, ఇంటికి పో బిడ్డా," అనింది. బండి పోయింది. పావుగంట ఆలస్యమైతే నేను దుమ్ము చూసుండేవాణ్ణి.

ఓబుళమ్మ ఒక దిండు గలీబు పట్టుకొచ్చింది. అందులో ఎండబెట్టిన ఖుబ్బూసు రొట్టెలు. తన వంతు రొట్టెలో రోజూ సగం తుంచి నాకోసం దాచింది. నీళ్లలో తడిపి నాకు పెట్టింది.

"నువ్వూ తిను."

"శనివారం కదా."

తిరుగు దారిలో గాలి ఎదురైంది. ఆమె క్యారియర్ మీద, ఒళ్లో దిండు గలీబు, చేతిలో చిన్న సంచి. బాబా బరువులో సగం లేదు. అదే నాకు తొక్కలేని బరువయింది. ఫ్లైఓవర్ వచ్చినప్పుడల్లా ఆమె దిగి వెనకనుంచి తోసింది. "నెయ్యి తిన్నోడివి తొక్కలేవా?" అనేది. చెక్‌పోస్టులో ఆ పిల్లగాడు ఆమెను చూసి, చెయ్యి గుండె మీద పెట్టుకొని, అడిగేలోపే అడ్డం తీసినాడు. ఫింతాస్‌లో కుక్కలు మళ్లీ లేచినాయి. ఓబుళమ్మ వాటికి తలా ఒక రొట్టె తునక వేసింది. పొద్దున ఖర్జూరాలు వద్దన్నవి దాన్ని తిని తోక ఊపినాయి. మర్యాద తెలిసిన కుక్కలు, వెనకే మహబూలా పొలిమేర దాకా వచ్చి వదిలిపెట్టినాయి.

పొద్దు వాలేసరికి మా వీధి కనబడింది. మసీదు దగ్గర, నేను మొదటిరోజు పడినచోట, బాబా కుర్చీ వేసుకొని ఉన్నాడు. మామా ఈతమట్ట పట్టుకొని తారు రోడ్డును చరుస్తా ఉంది. పక్కన బకెట్టు. బకెట్టు పక్కన నిలువునా తడిసిన పిల్లి ఒకటి, లోకమంతటి మీదా కోపంతో. నేను సైకిల్ ఆపినానో లేదో, ఆ పిల్లి కోపం మర్చిపోయి వచ్చి చైను నాకడం మొదలుపెట్టింది.

మామా ఓబుళమ్మ చెంపలు పట్టుకొని చూసి, నా వైపు తిరిగి, "ఈమె కూడు కూడా నువ్వే తిన్నావా?" అనింది. లోపలికి పోయి ఆ నెయ్యి డబ్బా తెచ్చింది. గలీబులో మిగిలిన రొట్టెలు వేడి చేసి, వాటి మీద గరిటెతో పోసింది.

దారి సంగతి అడిగేవాళ్లకు ఇప్పటికీ ఒకటే చెప్తాను. ఆ దారిలో చూడదగ్గవి పెద్దగా లేవు, పొగ పోతే సముద్రం బాగుంటుంది. తిరిగొచ్చినాక తినే రొట్టె మాత్రం మరిచిపోయేది కాదు. ఆ నెయ్యిలో కొంచెం ఇనుము రుచి ఉండేది. "మంచిదే, రక్తం పడుతుంది," అనింది మామా. ఓబుళమ్మ మూడు రొట్టెలు తినింది. అది శనివారమని ఆమె గుర్తు చేసుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు.