దగ్గు లేదన్న సాక్ష్యం

ఊపిరి పోసిన దేవునికి, పోసిన ఊపిరిని ఇంకా నిలుపుతున్న దేవునికి మొదట స్తోత్రం. నేను రాయబోయేది ఊపిరి సంగతే.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను సూర్యాపేట ఏఆర్‌టీ కేంద్రానికి స్టాఫ్ నర్సుగా వేశారు. హెచ్ఐవీ ఉన్నవారికి జీవితాంతం వాడాల్సిన మందులు ఇచ్చే చోటు అది. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి జనం పొద్దుటి బస్సులకే వచ్చి దిగేవారు.

ఇప్పుడైతే హెచ్ఐవీ ఉన్నదని తేలితే చాలు, మందులు మొదలుపెడతారు. అప్పట్లో అర్హత చూసేవాళ్లం. రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాల లెక్క మూడు వందల యాభైకి పైన ఉండి, మనిషి బాగానే తిరుగుతుంటే, ఆరు నెలలకు మళ్లీ రమ్మని పంపేవాళ్లం. టీబీ ఉంటే మాత్రం లెక్క ఎంతున్నా మందులు ఇవ్వాల్సిందే. అందుకని వచ్చిన ప్రతి మనిషినీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల గురించి అడగాలి. ఒక్కదానికి ఔనన్నా తెమడ పరీక్షకు పంపాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లు కల్లంలో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే కరుణమ్మ ఒక వేసవిలో వచ్చింది. పేరు మార్చి రాస్తున్నాను. భర్త ఇదే జబ్బుతో పోయాడు. తోడుగా కోదాడ నుంచి ఆడబిడ్డ వచ్చింది. ఆమెకు జబ్బు సంగతంతా తెలుసు.

కరుణమ్మ సీడీ4 లెక్క హద్దుకు పైనే ఉంది. నాలుగు ప్రశ్నలూ అడిగాను. నాలుగింటికీ గట్టిగా లేదంది. కానీ కిందటిసారి తూకం కన్నా మనిషి బాగా తగ్గింది. ఏమైందంటే, "ఈస్టర్ ముందటి శ్రమదినాలు గదక్కా, ఉపవాసాలున్న," అని నవ్వింది. నేనూ ఉపవాసాలు ఉన్నదాన్నే. అంత తగ్గను.

అంతలో ఆడబిడ్డ అందుకుంది. "ఏం లేదంటావే తల్లీ! సిస్టర్, మా ఇంటికొచ్చినప్పటి నుంచి రాత్రంతా దగ్గుతానే ఉంది. గోడ అవతలోళ్లు కూడా నిద్ర లేదని తిడతన్నారు. ఇక్కడికొచ్చి లేదంటది!"

కరుణమ్మ తల దించుకుంది. అలాగే చెప్పింది: "అక్కా, మీరు గూడ విశ్వాసులే. పాస్టరయ్యగారు ప్రార్థన చేసిన్రు. దగ్గు పోయిందని సంఘం ముందట సాక్ష్యం జెప్పిన. గిప్పుడు ఉన్నదంటే నా సాక్ష్యం అబద్ధమైతది గదా."

బయటివాళ్లకు ఇది మొండితనంగా కనిపిస్తుంది. మా సంఘాల్లో స్వస్థత కోసం ప్రార్థన చేయించుకున్న మనిషి ఆ రోగం పేరు మళ్లీ నోటితో పలకదు. పలికితే దేవుణ్ణి అనుమానించినట్టు. ఆమె మాకు అబద్ధం చెప్పలేదు, ఆయనకు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటోంది. ఆ మాట మీద నేను "లేదు" అని టిక్కు పెడితే, టీబీని ఛాతీలో పెట్టుకుని ఆరు నెలలు కల్లానికి పోతుంది. తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు.

వాదించలేదు. వాక్యం తెలిసిన మనిషి గనుక ఒక్కటే అడిగాను: ప్రభువు కుష్ఠురోగిని ముట్టి బాగుచేశాక ఎక్కడికి పొమ్మన్నాడు?

"యాజకునికి సూపించుకో అన్నడు." రోగం పోయిందో లేదో చూసి చెప్పేది ఆ రోజుల్లో యాజకుడే.

"బాగైనోన్నే సూపించుకో అన్నడు గదా. గట్ల పోతే వాని విశ్వాసం తక్కువైందా?"

ఆడబిడ్డ చేయి చాపింది. "ఆ తెమడ డబ్బా ఇటియ్యండి సిస్టర్. దేవుడే పరీక్షకు పొమ్మన్నాక ఇంకేంటంట దీనికి!"

కరుణమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతోనే దగ్గు తెర లేచింది. ఆపుకోలేదు. ఆరుబయట నిలబెట్టి, లోతుగా గాలి పీల్చి ఛాతీ లోపలి నుంచి తెమడ తీయడం ఎలాగో చూపించాను.

పరీక్షలో టీబీ తేలింది. మా వైద్యాధికారి నియమం ప్రకారం ముందు టీబీ మందులు మొదలుపెట్టించి, అవి ఒంటికి పట్టాక హెచ్ఐవీ మందులూ రాశారు. కోర్సు పూర్తయ్యాక చేసిన పరీక్షలో టీబీ క్రిములు లేవు. ఆ కాగితం పట్టుకుని ఆమె సంఘంలో మళ్లీ నిలబడి, దగ్గు ఉండెనని, దవాఖానకు పోయిననని, ఇప్పుడు లేదని వరుసగా చెప్పిందట. ఆ తర్వాత మిల్లులో తనతో పనిచేసే ఒకామెను తానే వెంటబెట్టుకొచ్చింది. "అక్కా, గీమె గూడ లేదంటది. నమ్మకున్రి," అంది.

రిటైరయ్యేదాకా నేను ఆ నాలుగు ప్రశ్నలు అడగడం మానలేదు. అయితే లేదు అన్న జవాబు దగ్గర ఆగలేదు. తూకం చూసేదాన్ని, వెంట వచ్చినవాళ్లను అడిగేదాన్ని, లేదనడానికి కారణమేమిటో కనుక్కునేదాన్ని. మనిషి దేవుని ముందు చెప్పేది నమ్మకం, నర్సు ముందు చెప్పాల్సింది లక్షణం. రెంటికీ చోటుందని చెప్పడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఇది చదివిన మీరు కాసేపు నాతో కలిసి ప్రార్థించండి: దగ్గును దాచుకుని కూర్చున్నవారి కోసం, వారిని అడగడానికి కూర్చున్నవారి కోసం. ఆమేన్.