ఏడో నంబరు బెల్టు కదిలిన సాయంత్రం

విశాఖపట్నం రేవులో ఖనిజాన్ని ఓడలకెత్తే ఒక సంస్థలో నేను విద్యుత్ నిర్వహణ మేనేజరుగా చేరింది, రిటైరవడానికి ఆరేళ్ళు మిగిలి ఉండగా, ఒక ఏప్రిల్ నెల మొదటి తేదీన. మేనేజరంటే ఆ విభాగంలోని మోటార్లు, కేబుళ్ళు, స్విచ్ గదులు అన్నిటికీ జవాబుదారీ. నా కింద ఇద్దరు ఇంజనీర్లు, పదహారు మంది టెక్నీషియన్లు. ఆ కుర్చీలో అంతకుముందు ఆడవాళ్ళెవరూ కూర్చోలేదు. స్టోరు వాళ్ళు ఇచ్చిన సేఫ్టీ బూట్లు రెండు సైజులు పెద్దవి. ముందుభాగంలో గుడ్డలు కుక్కుకుని నెలరోజులు అలాగే తిరిగాను.

రైల్లో వచ్చిన ఇనుప ఖనిజాన్ని మా యార్డులో గుట్టలుగా పోస్తారు. అక్కడినుంచి ఓడ దాకా తొమ్మిది రబ్బరు బెల్టులు, ఒకదాని మీంచి ఇంకొకదాని మీద పోసుకుంటూ మోసుకెళ్తాయి. ఎనిమిది బెల్టులు దాదాపు చదునుగా ఉంటాయి. ఏడోది మాత్రం ఏటవాలుగా పైకెక్కుతుంది. నేను చెప్పబోయేది దాని మోటారు గురించి.

ఇంట్లో సీలింగు ఫ్యాను కండెన్సరు పోతే ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. స్విచ్ వేస్తే మూలుగుతుంది, తిరగదు. కర్రతో రెక్కను తోస్తే, ఎటు తోస్తే అటు తిరగడం మొదలుపెట్టి ఆపైన తనంతట తానే తిరుగుతుంది. ఏసీ మోటారు సంగతంతా అందులోనే ఉంది. తిరుగుతూ ఉండడం వేరు, మొదలవడం వేరు.

ఫ్యాక్టరీల్లో వాడే త్రీ ఫేజ్ మోటారుకు ఆ కర్ర అక్కర్లేదు. మూడు ఫేజులు ఒకదాని వెనుక ఒకటి రావడం వల్ల బయటి చుట్టల్లో అయస్కాంత క్షేత్రం దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. లోపలి రోటరు దాని వెంటపడుతుంది. రోటరులో చుట్టలకు బదులు లోహపు కడ్డీలు బోనులా బిగించి ఉంటే అది స్క్విరల్ కేజ్ మోటారు. దానికి బయటినుంచి తీగ వెళ్ళదు, బేరింగులు తప్ప అరిగేది లేదు. మొండి మోటారు. కాకపోతే మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఆరింతలు లాగుతుంది. పెద్ద మోటార్లకు ఆ పోటు తగ్గించడానికి వోల్టేజిని మెల్లగా పెంచే సాఫ్ట్ స్టార్టరు పెడతారు. దానితో వచ్చే చిక్కేమిటంటే, వోల్టేజి సగమైతే తిప్పే బలం సగం కాదు, పావుకు పడిపోతుంది.

స్లిప్ రింగ్ మోటారు తీరు వేరు. దాని రోటరులోనూ రాగి చుట్టలుంటాయి. వాటి కొసలను ఇరుసు, అంటే షాఫ్టు మీద ఉండే మూడు లోహపు కడియాలకు కలుపుతారు. ఆ కడియాల మీద ఒరుసుకునే కార్బన్ బ్రష్షుల ద్వారా రోటరు కరెంటును బయటి రెసిస్టెన్స్ పెట్టెల్లోకి తీసుకెళ్తారు. మొదట రెసిస్టెన్స్ అంతా ఉంచితే కరెంటు తక్కువ, బలం ఎక్కువ. వేగం అందుకున్నకొద్దీ ఒక్కో మెట్టు తీసేస్తూ, చివరికి కడియాలను ఒకదానితో ఒకటి నేరుగా కలిపేస్తారు, అంటే షార్ట్ చేస్తారు. నిండు బరువును నిలబడ్డ చోటునుంచి లేపడంలో దానికి సాటి లేదు. కానీ బ్రష్షులు అరుగుతాయి, కార్బన్ పొడి రాలుతుంది, దానికి ఖనిజం దుమ్ము తోడవుతుంది. వారానికో పూట దానికే సరిపోయేది.

నేను చేరేటప్పటికి మా బెల్టులన్నిటికీ స్లిప్ రింగ్ మోటార్లే. వాటిని తీసేసి స్క్విరల్ కేజ్ మోటార్లు, సాఫ్ట్ స్టార్టర్లు పెట్టాలని సిఫారసు చేసింది నేను. నోట్ నా చేతిరాత, సంతకం నాది. ఏడాదిన్నరలో పని పూర్తయింది. ఏడో బెల్టును చివర మార్చాం. ఖాళీ బెల్టు మీద పదిసార్లు మొదలుపెట్టి చూశాం, పదిసార్లూ వెన్నలా కదిలింది. ఆపరేషన్స్ డీజీఎం మూర్తిగారు చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

మరుసటి ఏడాది జూలై మొదటి వారంలో, ముసురు పట్టిన ఒక ఉదయం, బెర్తులో ఆగి ఉన్న ఓడకు లోడింగు జరుగుతుండగా బయటినుంచి వచ్చే సరఫరా ఒక్కసారి పడిపోయి తిరిగొచ్చింది. తొమ్మిది బెల్టులూ ఆగాయి. పది నిమిషాల్లో ఎనిమిదింటిని మళ్ళీ నడిపించాం. ఏడోది కదల్లేదు. అడుగునుంచి పైదాకా తడి ఖనిజం నిండుగా ఉంది. సాఫ్ట్ స్టార్టరు వోల్టేజి పెంచుతూ పోయింది, మోటారు ఇంట్లో పాడైన ఫ్యానులాగే మూలిగింది, బెల్టు జానెడు బిగుసుకుని ఆగింది. ఓవర్‌లోడ్ ట్రిప్, అంటే కరెంటు మించి స్విచ్ తానే పడిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాం, అంతే. వేడెక్కిన మోటారును వరసగా రెండుసార్లకు మించి మొదలుపెట్టకూడదని తయారీదారు పుస్తకంలో ఉంది. అక్కడితో ఆపించాను.

మూర్తిగారు తడిసిన రెయిన్‌కోటుతోనే స్విచ్ గదిలోకి వచ్చారు. ఆయనది కృష్ణా జిల్లా, నాది గోదావరి జిల్లా. మా ఇద్దరికీ మంచి మాటే ఉండేది.

"సాఫ్ట్ స్టార్టర్ని పక్కన పెట్టి డైరెక్టుగా కొట్టండి మేడమ్. ఫుల్ వోల్టేజి ఇస్తే ఎందుకు కదలదు?"

"డైరెక్టుగా కొడితే ఆరింతల కరెంటు వెళ్తుందండి. మన ట్రాన్స్‌ఫార్మరుకు అంత దమ్ము లేదు. వోల్టేజి అక్కడే కూలిపోతుంది, దాంతో బలమూ పోతుంది. మోటారు ఇప్పటికే కాలిపోతోంది. ఇంకో దెబ్బకు చుట్టలు పోతాయి."

"అయితే మనుషుల్ని ఎక్కించి పారలతో ఖనిజం దింపిద్దామా? రేపటి సముద్రం పోటుకి ఓడ వెళ్ళాలి."

అంతకుముందు ఏడాది వానల్లోనే ఏడో బెల్టు పక్కనే పైకెక్కే ఏటవాలు నడవ, అంటే గ్యాలరీలో పారతో ఖనిజం తీస్తూ ఒక కాంట్రాక్టు కార్మికుడు జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ పనిలోకి రాలేదు. ఆ గ్యాలరీలో నీళ్ళు ఇప్పుడు కాలువలా దిగుతున్నాయి.

"సాయంత్రం దాకా టైమివ్వండి. పాత మోటారు మళ్ళీ ఎక్కిస్తాను," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "తీసేయమని రాసింది మీరే కదా?"

"నేనేనండి."

"సాయంత్రానికి కదలకపోతే?"

"మనుషుల్ని ఎక్కించడం తప్ప దారుండదు. ఆ గ్యాలరీలో ముందు నేనే నిలబడతాను."

డైరెక్టుగా మొదలుపెట్టడానికి నిరాకరించానని, కారణాలతో సహా, లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాను.

పాత మోటారు సబ్‌స్టేషను వెనుక రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. వేలానికి పంపే కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. రెసిస్టెన్స్ పెట్టెలు బరువని ఎవరూ కదపలేదు, స్విచ్ గదిలోనే గోడవారన ఉన్నాయి. ఇవి రెండూ నా అదృష్టం. నన్ను భయపెట్టింది వేరే సంగతి. సముద్రపు గాలిలో, అందులోనూ వానాకాలంలో, ఎనిమిది నెలలు ఊరికే పడున్న మోటారు చుట్టలు తేమ పీల్చేస్తాయి. అలాంటిదానికి కరెంటిస్తే మొదటి క్షణంలోనే కాలుతుంది. ఆరబెట్టాలంటే రెండు రోజులు కావాలి. మాకున్నది ఒక పూట.

సీనియర్ టెక్నీషియన్ సింహాచలాన్ని పిలిచాను. సబ్బవరం దగ్గర పల్లె అతనిది. రోజూ బండి మీద వచ్చేవాడు. ఇరవై రెండేళ్ళు ఆ బ్రష్షులు మార్చిన మనిషి. నేను మోటార్లు మార్పించినప్పుడు ఎదురు మాట్లాడలేదు గానీ, నెల రోజులు నాతో ముక్తసరిగా ఉన్నాడు.

మెగ్గర్ తెమ్మన్నాను. చుట్టల్లో ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే పరికరం అది. టార్పాలిన్ తీయగానే లోపల వెచ్చగా తగిలింది. మోటారు రెండు చివర్లలో రెండు బల్బులు వెలుగుతున్నాయి. మెగ్గర్ తిప్పాం. నడిచే మోటారుకు ఉండాల్సిన చోటు దాటి ముల్లు నిలబడింది. నమ్మలేక ఇంకోసారి తిప్పించాను.

"ఈ బల్బులు ఎవరు పెట్టారు?"

"నానే మేడమ్. సెమ్మ పట్టకుండా దించిన కాడినుంచీ ఎలుగుతన్నాయి. పదేను రోజులకోసారి మోటారు ఇరుసు సేత్తో తిప్పుతన్నాను, బేరింగు ఒకే కాడ నొక్కుకుపోకుండా."

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు? ఎవులూ సెప్పలేదు." నేల చూస్తూ అన్నాడు. "మీరోసారి ఇలగ ఎల్తూ, ఊరికే ఎలుగుతన్నాయని ఆపించీసినారు. మీరెల్లిపోయినాక మల్లీ నానే ఏసీసినాను. తప్పైతే సెమించండి."

ఆ రోజు నాకు గుర్తుంది. కరెంటు వృథా అని ఎవరినో మందలించాను కూడా. తనకెందుకని అతను అనుకోలేదు, నాతో వాదనా పెట్టుకోలేదు. పోతుందని తెలిసిన మోటారును నడిచే మోటారులాగే చూసుకున్నాడు.

"తప్పు నాది సింహాచలం," అన్నాను. "పద, ఎక్కిద్దాం."

తొమ్మిదిన్నరకు లైన్ క్లియర్ తీసుకున్నాం. అంటే ఆ లైను స్విచ్ ఆపి, తాళం వేసి, పని అయ్యేదాకా ఎవరూ వేయకూడదని రాసిచ్చే పత్రం. తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. హైడ్రా క్రేను కొత్త మోటారును దించి పాతదాన్ని ఎక్కించేసరికి ఒంటిగంట. మోటారు షాఫ్టు, గేరుబాక్సు షాఫ్టు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలోకి రావాలి. తేడా కొలిచే డయల్ గేజి పెట్టి, కాళ్ళ కింద పల్చటి రేకులు దోపుతూ తీస్తూ మెకానికల్ ఫిట్టరు అప్పలరాజు మూడు గంటలు బోర్లా పడుకునే ఉన్నాడు.

"బావా, ఏటి సేత్తన్నావ్? నిద్రపోతన్నావా?" అని సింహాచలం కేకేశాడు.

"నీ మోటారు వంకరగుంటే నానేటి సెయ్యను? దాన్ని నిద్ర లేపుతన్నాను!"

ఆ పూట అందరం నవ్వింది అప్పుడొక్కసారే.

సాఫ్ట్ స్టార్టర్ని తప్పించి స్టేటరుకు, అంటే బయటి చుట్టలకు, నేరుగా కేబులు కలిపాం. రోటరునుంచి మూడు కేబుళ్ళు రెసిస్టెన్స్ పెట్టెలకు. నాలుగున్నరకు అందరినీ దూరం జరిపి, తాళం తీసి, బటన్ నేనే నొక్కాను. బెల్టు కదలబోతుండగా కడియాల దగ్గర నీలంగా నిప్పు చెదిరింది. ఆపేశాను. మూర్తిగారు తల పట్టుకున్నారు.

మళ్ళీ స్విచ్‌కు తాళం వేశాక సింహాచలం మూత విప్పి బ్రష్షులను ఒక్కొక్కటే లాగి చూశాడు. నడిమి కడియం మీది బ్రష్షు ఒకటి దాని గూట్లో బిగుసుకుపోయి, కడియానికి ఆనడం లేదు. దాన్ని రుద్ది వదులు చేసి, గరుకుగా ఉండే గాజుకాగితం కడియం మీద చుట్టి, బ్రష్షు అడుగు కడియం వంపుకు సరిగ్గా కూర్చునేదాకా అరగదీశాడు. అరగంట పట్టింది. తొందర పెట్టాలనిపించింది గానీ పెట్టలేదు.

"ఇప్పుడు నొక్కండి మేడమ్."

నొక్కాను. నిప్పు లేదు. మోటారు గొంతు మారింది. అది మూలుగు కాదు, బరువెత్తే మనిషి ఊపిరి బిగబట్టినట్టుంది. బెల్టు వదులంతా లాక్కుని బిగుసుకుంది. ఒక రెప్పపాటు ఏమీ జరగలేదు. ఆ తరువాత ఆ ఎర్రటి తడి గుట్టంతా ఒక్కటిగా పైకి జరిగింది. మొదటి మెట్టు రెసిస్టెన్స్ తప్పుకుంది, కాంటాక్టరు స్విచ్చు టప్‌మంది. రెండోది. మూడోది. ప్రతి చప్పుడుకీ వేగం పెరిగింది. ఐదో చప్పుడుతో కడియాలు షార్టయి, మోటారు తన మామూలు వేగంలో పడింది. అమ్మీటరు ముల్లు దిగివచ్చి నిలబడింది. పైన ఖనిజం ఎనిమిదో బెల్టు మీద పడుతున్న చప్పుడు వినబడింది.

అప్పలరాజు ఈల వేశాడు. సింహాచలం బ్రష్షుల మూత దగ్గరే గొంతుక్కూర్చుని కడియాలను చూస్తూ ఉన్నాడు. మూర్తిగారు లాగ్ పుస్తకం తెప్పించి, ఉదయం నేను రాసినదాని కింద "మేనేజరు నిర్ణయం సరైనది" అని రాసి సంతకం చేశారు. ఓడ మర్నాడు పోటుకి వెళ్ళింది. గ్యాలరీలోకి ఒక్క మనిషినీ పంపలేదు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నేను బాగా గర్వపడింది ఆ సాయంత్రమే.

నివేదికలో రెండు విషయాలు రాశాను. మిగతా ఎనిమిది బెల్టులకు నా సిఫారసు సరైనదే, ఏడోదానికి తప్పు, ఆ తప్పు నాది అన్నది ఒకటి. మోటారును పనికొచ్చే స్థితిలో ఉంచింది సింహాచలం, ఎవరి ఆదేశమూ లేకుండా, నా ఆదేశానికి విరుద్ధంగా అన్నది రెండోది. ఆ చివరి మాట తీసేయమని పైవాళ్ళు సలహా ఇచ్చారు. తీయలేదు. ఆ ఏడాది ఉత్తమ కార్మికుడి పత్రం అతనికి వచ్చింది.

అప్పటిదాకా ఆ పాత మోటారుతోనే నడిచిన ఏడో బెల్టుకు నా ఆఖరి ఏడాదిలో వీఎఫ్‌డీ వచ్చింది. వోల్టేజితో పాటు ఫ్రీక్వెన్సీని కూడా సున్నానుంచి పెంచుకుంటూ పోయే డ్రైవు అది. దానితో స్క్విరల్ కేజ్ మోటారైనా మొదటి అడుగునుంచే నిండు బలం చూపిస్తుంది. అమర్చడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు ఖాళీ బెల్టు తిప్పి చూపించి కాగితాలు ముందుకు జరిపాడు. నేను సంతకం చేయలేదు. బెల్టు నిండా ఖనిజం పోయించి, నడుమ కావాలనే ఆపించి, మళ్ళీ మొదలుపెట్టమన్నాను. అలా ఎవరూ అడగరని అతను అన్నాడు. నేను అడుగుతున్నానన్నాను. మూడుసార్లు ఆపించాను, మూడుసార్లూ లేచింది. అప్పుడు సంతకం పెట్టాను.

ఆ సంఘటన నాకు నేర్పింది ఇంతే. మోటారును ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంతో తిరుగుతుంది, ఎంత కరెంటు తింటుంది అన్నవి రెండో ప్రశ్నలు. ఎంత బరువుతో మొదలవ్వాలన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు కాగితం మీద దొరకదు, నిండు బెల్టు మీదే దొరుకుతుంది.