రెండు నుంచి మూడు దాకా

మా అత్త విశ్వాసమ్మకు సంఘం పాటల్లో మూడు వందల పైచిలుకు కంఠస్థం. పాట ఒక్కటే కాదు, దాని నంబరు కూడా. ఆదివారం పాస్టరయ్య "నూట నలభై రెండు" అంటే పుస్తకం తెరవకుండానే ఎత్తుకుంటుంది. అలాంటి మనిషికి కన్నకొడుకు ఫోను నంబరు మాత్రం ఈ రోజుకీ రాదు. ఫోనులో పేరుంది కదా, నంబరుతో నాకేం పని అంటుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. దానివల్ల ఏం జరగొచ్చో ఆలోచించే తెలివే లేకపోయింది.

ఆమెది నందికొట్కూరు దగ్గర పల్లె. మిరప కోతలు, పత్తి ఏరడం, ఉల్లి నాట్లు, ఏది దొరికితే ఆ పనికి నలభై ఏళ్లు కూలికి పోయింది. ముప్పై దాటాక చర్చిలో సాయంత్రం బడి పెడితే, వాక్యం సొంతంగా చదువుకోవాలన్న పట్టుదలతో అక్షరాలు దిద్దుకుంది. మామ పోయాక కూడా ఊరు వదల్లేదు. కల్లూరులో మా ఇంటికి వచ్చినా నాలుగో రోజుకే సంచి సర్దుకుంటుంది. నాకూ ఆమెకూ పడదని కాదు. ఇద్దరిలో ఎవరి మాట వాళ్లకు నెగ్గాలి, అంతే.

మా అత్తవాళ్ల సంఘంలో ఎవరికైనా పెద్ద ఆపద వస్తే గొలుసు ప్రార్థన పెడతారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండు గంటలు, పన్నెండు మంది. ఎవరి గంటలో వాళ్లు మోకరించి ప్రార్థన చేసి, గంట కాగానే తర్వాతి మనిషికి అప్పజెప్పాలి. ఒకప్పుడు నడిచిపోయి తలుపు తట్టేవాళ్లు. ఇప్పుడు ఫోను చేసి "నా గంట అయింది, ఇంక నీ గంట" అంటారు. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఖాళీ పోకూడదు, పోతే గొలుసు తెగినట్టే. నేను రాయచోటి నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో ఇది చూసి, ఇదేం పరుగుపందెం అత్తా అని నవ్వాను. రెండు రోజులు ఆమె నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

పోయిన మే నెలలో ఒక శనివారం కరుణ కోసం గొలుసు పెట్టారు. కరుణ మా అత్తవాళ్ల సంఘం పెద్ద దావీదురాజు కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల. మూడేళ్లప్పుడు తల్లి పోతే మా అత్తే దాదాపు పెంచింది. తల దువ్వడం, బడికి అన్నం కట్టడం, పెద్దమనిషైనప్పుడు దగ్గరుండి చూసుకోవడం, అన్నీ ఈమే. సొంత కొడుకైన మా ఆయన అరుణ్ కుమార్‌కే అంత చేసిందో లేదో నాకు అనుమానం. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కుళ్లు కూడా ఉండేది. ఆ కరుణకు గుండె ఆపరేషన్. గురువారం చేయాల్సింది కర్నూలు ఆస్పత్రివాళ్లు శనివారానికి మార్చారు.

అదే శనివారం మేము థీమ్ పార్కుకు టిక్కెట్లు తీసుకొని ఉన్నాము. కల్లూరు దాటాక హైవే పక్కన కొత్తగా కట్టారు, నీళ్ల ఆటలు, తిరిగే చక్రాలు. మా పాప బ్లెస్సీకి ఏడేళ్లు, నెల నుంచి రోజులు లెక్కపెట్టుకుంటోంది. పైపుల కంపెనీలో మా ఆయనకు సెలవు దొరకడమే గగనం. అత్త ఆస్పత్రికి పోతానంది. లోపలికి ఇద్దరికంటే ఎక్కువ రానివ్వరని, ఎవరున్నచోట వాళ్లు తమ గంట చేయండని దావీదురాజు కబురు చేశాడు. నేను దాన్ని అందుకున్నాను. ఫోనుంటే ప్రార్థన ఎక్కడైనా చేసుకోవచ్చు కదా, పార్కులో నీడకు కూర్చొని చేసుకో అన్నాను. అవ్వ రాకపోతే నేనూ రానని బ్లెస్సీ మొండికేసింది. అత్త చివరికి ఒప్పుకుంది. ఆమెది రెండు నుంచి మూడు దాకా. తర్వాతి గంట దావీదురాజుదే.

ఇక నా నిర్వాకం. పవర్ బ్యాంకు ముందురోజే ప్లగ్గులో పెట్టాను, స్విచ్చి మాత్రం వేయలేదు. మా ఇద్దరి ఫోన్లూ నీళ్లలో తడుస్తాయని లాకరులో పెట్టి, తాళం మా ఆయన మణికట్టుకు కట్టుకున్నాడు. ఫొటోలన్నీ అత్త ఫోనుతోనే తీశాను. దానికి ముందు బస్సులో బ్లెస్సీ అదే ఫోనులో బొమ్మలు చూసింది. పన్నెండున్నరకు చూస్తే పద్నాలుగు శాతం మిగిలింది. అది పాత బ్యాటరీ, పద్నాలుగంటే నాలుగు కింద లెక్క.

చార్జింగు పెట్టే కౌంటరు ఒకటుంది. అక్కడ అద్దాల పెట్టెలు అన్నీ నిండిపోయాయి, రెండున్నరకు గానీ ఒకటి ఖాళీ కాదన్నారు. అత్త మొహంలో రంగు మారింది. నాకేమో విసుగు. ఎండ మండుతోంది, పాప చెయ్యి పట్టి లాగుతోంది. చార్జరు ఆమె చేతికిచ్చి, ఎక్కడైనా ప్లగ్గు కనిపిస్తే అడుగు, లేకపోతే ఫోను వాడకుండా ఉంచు, అదే సరిపోతుంది అని చెప్పి నీళ్లలోకి పోయాను. అరవై రెండేళ్ల మనిషిని ఆ జనంలో ప్లగ్గు వెతుక్కోమని వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ తర్వాత జరిగింది నాకు సెక్యూరిటీ దేవేంద్రప్ప చెప్పాడు. ఆయనది ఆలూరు వైపు, మాటలో కన్నడం కలుస్తుంది. అత్త నాలుగు కొట్లు తిరిగి అడిగిందట. కొనేవాళ్లకే ప్లగ్గు ఇస్తామన్నవాళ్లు కొందరు, అసలు పలకనివాళ్లు కొందరు. ఆయనే జాలిపడి, మూసేసిన ఐస్‌క్రీమ్ కొట్టు వెనకకు తీసుకుపోయి గోడకున్న ప్లగ్గు చూపించాడు. దుడ్లు ఇవ్వబోతే వద్దన్నాడట. ఆ ప్లగ్గు వదులు. చార్జరును చేత్తో గోడకు అదిమి పట్టుకుంటేనే ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది. అత్త సిమెంటు గచ్చు మీద కూర్చొని ఒంటి గంట నుంచి దాన్ని అలాగే అదిమి పట్టుకుంది. అన్నం కూడా తినలేదు.

సరిగ్గా రెండింటికి సువార్తమ్మ ఫోను చేసి తన గంట అప్పజెప్పింది. అత్త మోకరించింది. ఒక చెయ్యి గోడకు, ఒక చేతిలో ఫోను. పక్కనే తిరిగే చక్రం మీద జనం అరుపులు, మైకులో పాటలు. మూడుకు పది నిమిషాలుండగా ఆ వరస కొట్లకు కరెంటు పోయింది. జనరేటరు ఆటలకు మాత్రమే. ఆ వదులు ప్లగ్గుతో పాత బ్యాటరీకి ఎక్కిన ఆ కొంచెమూ ఎంతసేపు నిలుస్తుంది, రెండు నిమిషాల్లో ఫోను ఆరిపోయింది.

దేవేంద్రప్ప తన ఫోను తీసి, నంబరు చెప్పమ్మా, నేను కలుపుతా అన్నాడు. ఆమెకు ఏ నంబరూ రాదు. దావీదురాజుది రాదు, మా ఆయనది రాదు, నాది అసలే రాదు. పోనీ లేచి రా, మైకులో పిలిపిద్దాం అన్నాడు. లేవనంది. ఆయనే పోయి మైకులో చెప్పించాడు. వేవ్ పూల్ దగ్గర ఆ మోతలో మాకు మూడోసారికి గానీ వినిపించలేదు. లాకరులో ఫోను తెమ్మని మా ఆయన్ని పంపి, పాపను వెంటబెట్టుకొని నేను పరిగెత్తాను. అప్పటికి నాలుగుకు పావు తక్కువ.

అత్త ఇంకా మోకాళ్ల మీదే ఉంది. కళ్లు మూసుకొని, పెదాలు కదుపుతూ. ఆరిపోయిన ఫోను ఒళ్లో ఉంది, చెయ్యి మాత్రం ఇంకా ఆ చార్జరును గోడకు అదిమే ఉంది.

"గంట నుంచి చెప్తాండా. లేయదు. నేను లేస్తే తెగిపోతాది అంటాది. ఏం తెగిపోతాదో నాకు తెలీదు," అన్నాడు దేవేంద్రప్ప.

నాకు తెలుసు. తర్వాతి వాళ్లకు అప్పజెప్పలేదు కాబట్టి గంట ఇంకా తనదే అని ఆమె లెక్క. మూడు దాటినా, నాలుగు దాటినా, ఎవరో ఒకరు అందుకునేదాకా తనే పట్టుకోవాలి. లే అత్తా, మోకాళ్లు పోతాయి అని భుజం పట్టుకున్నాను. విదిలించుకుంది. భయమూ సిగ్గూ కలిసి నాకు కోపంగా మారాయి. అనకూడని మాట అన్నాను.

"దేవుడు నీ ఫోనులో చార్జింగు చూసి కరుణను బతికిస్తాడా అత్తా?"

ఆమె కళ్లు తెరిచింది. నన్ను తిడుతుందనుకున్నాను. చాలా మెల్లగా మాట్లాడింది.

"వాళ్లమ్మ నా గంట వల్లే పోయింది స్తుతీ."

అప్పుడు చెప్పింది. పందొమ్మిదేళ్ల కింద కరుణ తల్లి కామెర్లు ముదిరి మంచాన పడితే గొలుసు పెట్టారు. అప్పుడూ ఈమెది రెండు నుంచి మూడు దాకానే, తర్వాత దావీదురాజే. మిరప కోతల కాలం. తెల్లవారకముందే చేనికి పోయి, తన గంట కోసం మధ్యాహ్నం పరుగున ఇంటికొచ్చి, మంచం పక్కన మోకరించింది. అంతే గుర్తు. మెలకువ వచ్చేసరికి మూడున్నర. పరిగెత్తుకుంటూ దావీదురాజు ఇంటికి పోతే ఆయన అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. చూసి చూసి తనంతట తనే మొదలుపెట్టాడనుకుంది. అడిగే ధైర్యం లేక గుమ్మంలోంచే తిరిగి వచ్చేసింది. పొద్దు వాలకముందే కరుణ తల్లి పోయింది. తన గంట ఖాళీగా పోయిందని, గొలుసు తన దగ్గరే తెగిందని అత్త ఎవరికీ చెప్పలేదు. పాస్టరయ్యకు కాదు, మా మామకు కూడా కాదు.

"ఆ బిడ్డకు జడేసినా, అన్నం పెట్టినా, అంతా అందుకే," అంది. "అందరూ నన్ను శానా మంచిది అనుకున్నారు. ఇప్పుడు ఆ బిడ్డ మీద కూడా నా గంటే వచ్చింది. నేను లేయను."

నేను కుళ్లుకున్న ప్రేమ వెనక ఇంత భయం ఉందని నాకెలా తెలుస్తుంది? ఆమె పక్కన నేనూ మోకరించాను. బ్లెస్సీ మా ఇద్దరినీ చూసి, ఏమనుకుందో, తడి గౌనుతోనే తనూ మోకరించింది.

మా ఆయన ఫోను తీసుకొని వచ్చేసరికి నాలుగు దాటింది. దావీదురాజుకు కలిపి, స్పీకరు పెట్టి అత్త ముందు పట్టుకున్నాను.

"అన్నా, నేను విశ్వాసమ్మను. ఫోను ఆరిపోయింది. మూడింటికి నీకు చెప్పలేకపోతి. కానీ నేను ఆపలేదన్నా, ఇంతసేపూ చేస్తానే ఉండా."

ఆయన నిదానంగానే మాట్లాడాడు. ఆపరేషన్ అయిపోయిందట. డాక్టర్లు ఇప్పుడే బయటికి వచ్చి బాగా జరిగిందని, సాయంత్రానికి స్పృహ వస్తుందని చెప్పారట. అత్త స్తోత్రం అంది. ఆయన ఇంకా చెబుతున్నాడు.

"మూడయినా నీ ఫోను రాలేదు, నేను మొదలుపెట్టుకుంటి. ఇప్పుడే సమాధానమ్మకు ఇచ్చినా. నువ్వు మళ్లీ నిద్రపోయినావేమో అనుకుంటిలే."

అత్త ఫోనును నా చేతిలోంచి తీసుకుంది. మళ్లీ అంటే ఏమిటన్నా అని అడిగింది.

"కరుణ వాళ్లమ్మప్పుడు నిద్రపోలేదా. చేనికాడి నుంచి వచ్చినావో లేదో అని రెండింటికే మీ ఇంటికాడికి వస్తే నువ్వు మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోతాంటివి. చేతులు మిరపకాయ మంటకు ఎర్రగా ఉబ్బి ఉండాయి. లేపబుద్ధి కాలేదు. మీ అరుగు మీదే కూర్చొని నీ గంట కూడా నేనే చేస్తి. ఆ పైన ఇంటికి పోయి నా గంట చేసుకుంటి."

ఆ మాటలకు మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకు ఏమీ తెలియదు.

"గొలుసు తెగలేదా?" అంది అత్త.

"యాడ తెగింది మే. దాని ఆయుష్షు అంతే ఉన్నింది."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్పేదానికి ఏముండాది? అలిసిపోయినోళ్లు నిద్రపోతారు."

అవతల ఎవరో నర్సు పిలిచినట్టుంది, ఆయన పెట్టేశాడు. అత్త గోడ మీది నుంచి చెయ్యి తీసి, గచ్చు మీద కూలబడి కాళ్లు చాపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, ఆయన్ని తిట్టింది. నోరు లేని మనిషి అంది, ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయేదంది. ఆ తర్వాత, ముందూ వెనకా ఏమీ తెలియని దేవేంద్రప్ప వైపు తిరిగింది.

"పందొమ్మిదేండ్లప్పా," అంది.

ఆయన తల ఊపి, ఒక నీళ్ల సీసా తెచ్చి ఆమె చేతికిచ్చాడు. సగం సీసా ఒక్క గుక్కలో తాగింది. తర్వాత, కరుణకు స్పృహ వచ్చేసరికి తను అక్కడ ఉండాలని, ఆస్పత్రికి తీసుకుపొమ్మని మా ఆయన్ని అడిగింది. లోపలికి పోనివ్వరమ్మా అన్నాడాయన. అద్దంలోంచి అయినా చాలు, ఆ బిడ్డను ఒకసారి భయం లేకుండా చూసుకోవాలి అంది. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకొని లేపాము.