బోధన్ పేరు లేని వీసా

బోధన్‌లో మా పుట్టింటికీ ఆపాల ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ల అబ్బా చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మా అమ్మ వాళ్ల వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టేది. పెద్ద ఆపా, చిన్న ఆపా ఇద్దరూ నాకంటే పెద్దవాళ్లు, అందుకే అక్కా అన్నట్టు ఆపా అనేదాన్ని. చిన్న ఆపాను కరాచీలో ఉన్న మేనత్త కొడుక్కిచ్చారు. అత్తగారింటికి పోయే రోజు వాళ్ల అమ్మీ చెరకు రసంలో బియ్యం పోసి తీపి అన్నం వండింది. చిన్న ఆపా ఏడుస్తూనే రెండోసారి వడ్డించుకుని తిన్నది. అది చెప్పుకుని చాలా ఏళ్లు నవ్వుకున్నాం.

ఆ తర్వాత రెండు దేశాల సంగతి మా గల్లీకి పెద్ద ఆపా ఇంట్లోంచే తెలిసేది. టీవీలో ఇటు పెద్దమనిషీ అటు పెద్దమనిషీ చేతులు కలిపితే ఆమె గల్లీ అంతా మిఠాయి పంచేది. "వాళ్లకు దోస్తీ అయింది. మా చెల్లెకు తొవ్వ దొరుకుతది" అనేది. మళ్లీ చెడితే టీవీ మీద గుడ్డ కప్పేసేది. ఆ గుడ్డ ఎక్కువ కాలం కప్పే ఉండేది.

నేను నిజామాబాదుకు కోడలిగా వచ్చాను. పెద్ద ఆపా కూతురు కూడా మా పక్కింటికే కోడలిగా వచ్చింది. ఆ పిల్ల తన బిడ్డకు పెళ్లి పెట్టుకుని, కరాచీలో ఉన్న ఖాలాను, అంటే పిన్నిని, పిలవాలని వీసాకు రాయించింది. పోయే ఊరు పేరు రాయాల్సిన చోట, పెళ్లి నిజామాబాదులో కాబట్టి నిజామాబాదే రాయించింది. బోధన్ అని వేరే రాయాలని ఎవరికి తోస్తుంది? అప్పటికి పెద్ద ఆపా బస్సెక్కి తానే వచ్చి పోతుండేది.

వీసా వచ్చేలోపు ఆమె జారిపడింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. కుదుపు తగలొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

చిన్న ఆపా వచ్చింది. జుట్టు తెల్లబడింది కానీ మాట మాత్రం వెళ్లిననాటి బోధన్ మాటే. మనవలున్న నన్ను పట్టుకుని, "ఏమే పొల్లా, ఇంత లావైనవ్?" అన్నది. "ఫ్యాక్టరీ కూత ఇంక ఇనవడుతదా?" అని అడిగింది. ఎప్పుడో మూతపడిందని చెప్పాను.

హాజరు వేయించుకోవడానికి పోలీస్ స్టేషన్‌కు పోయినప్పుడు ఆమె వెంట నేనూ వెళ్లాను. బోధన్ పోవాలని అడిగితే అక్కడి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గీ కాయితంల నిజామాబాదే ఉందమ్మా. బోధన్ పోతే కేసైతది. నా చేతుల లేదు, పైనుంచి రావాలె."

"పైన అంటే ఎంత పైన, బిడ్డా?"

"మా సారు మీద ఇంకో సారు, ఆయన మీద ఢిల్లీ."

చిన్న ఆపా నవ్వింది. "అరగంట బస్సుకు ఢిల్లీ తొవ్వల నుంచి పోవాల్నా?" అన్నది. దరఖాస్తు పెట్టి వచ్చాం.

పెళ్లికి మా వార్డు నాయకుడొకాయన వచ్చాడు. బిర్యానీలో ముక్క మెత్తగుందని మెచ్చుకుని, బోధన్ సంగతి తానే మాట్లాడతానన్నాడు. చిన్న ఆపా ఆయన తల మీద చేయి పెట్టి దీవించింది.

జవాబు వచ్చేదాకా మధ్యలో తిరిగింది నేనూ, ఒక స్టీలు డబ్బా. చిన్న ఆపా వండి ఇస్తే బస్సులో బోధన్ తీసుకుపోయేదాన్ని. ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మాలో లేదు. పెద్ద ఆపా మంచంలోంచే కోడలికి చెప్పి ఏదో ఒకటి వండించి నింపేది. ఒకనాడు చిన్న ఆపా పంపిన పుల్లటి ఖట్టీ దాల్ నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది.

"ఉప్పేది? కరాచీల సముద్రమంత ఉప్పుండి గూడ దీని చెయ్యికి రాలే."

ఆ మాట చేరవేస్తే చిన్న ఆపా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పండుకున్నా గూడ నోరు పండుకోలే."

"వీడియో కలపాల్నా?" అని పెద్ద ఆపాను అడిగితే కసిరింది. "సముద్రం అవతలుంటే ఫోన్ల చూసిన. పక్కూర్ల ఉన్నదాన్ని గూడ ఫోన్లనే చూడాల్నా? నేనే వస్త. మోసుకొచ్చిన దాని లెక్క రాను, కూసోని వస్త." రోజూ దిండ్లకు ఒరిగి కూర్చోవడం నేర్చుకుంటోంది. పోయినప్పుడల్లా ఒక దిండు తగ్గేది.

అంతలో ఉత్తరాన కొండల్లో జనాన్ని కాల్చి చంపారన్న వార్త వచ్చింది. చిన్న ఆపా వంటింట్లోనే కూలబడింది. "ఎవరి బిడ్డలో" అని ఏడ్చింది. తన వీసా సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. సాయంత్రం మా గల్లీలోకి మైకు బండి వచ్చింది. "ఒక్కరు గూడ మన గడ్డ మీద ఉండొద్దు" అని అరుస్తోంది. బిర్యానీని మెచ్చుకున్న గొంతే అది. చిన్న ఆపా ఉల్లిగడ్డ కోయడం ఆపి విన్నది. "ఆనాడు ఇంకింత వడ్డిస్తే ఇంకో వారం ఆగుతుండెనేమో" అన్నది. మళ్లీ కత్తి అందుకుంది.

వీసాలన్నీ రద్దని టీవీలో చెప్పిన మర్నాడు పొద్దున నేను బోధన్‌లో ఉన్నాను. పెద్ద ఆపా ఒక్క దిండుతో కూర్చుని ఉంది. డబ్బా నిండా చెరకు రసంతో వండిన తీపి అన్నం. "ఏముందో చెప్పకు. మూత అదే తియ్యాలె" అంటుండగా ఫోను మోగింది. కూతురు చేసింది.

"అమ్మీ, పోలీసులొచ్చిన్రు. ఖాలాను గిప్పుడే రైలెక్కియ్యాలంటున్రు."

పెద్ద ఆపా కొడుకు సరుకులు మోసే ఆటో తెచ్చి, అందులో పరుపు పరిచాడు. పెద్ద ఆపా పడుకోలేదు. నా భుజానికి ఒరిగి, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా ఓణీ పళ్ల మధ్య పెట్టుకునేది కానీ మెల్లగా పొమ్మని అనలేదు.

నిజామాబాదు ఇంకాస్త దూరం ఉందనగా రైలు గేటు పడింది. అప్పుడే చిన్న ఆపా నా ఫోనుకు చేసింది, స్పీకరు పెట్టాను.

"ఆపా, ఏడున్నవ్? మన్మాడ్ పోయే బండి కదిలింది. కిటికీ కాడనే ఉన్న."

"గేటు కాడున్న. చూడు."

రైలు వచ్చింది. పెద్ద ఆపా డబ్బాను రెండు చేతులా తల మీదికెత్తి పట్టుకుంది. ఎన్నో కిటికీలు, ఎన్నో ముఖాలు. ఏదీ నిలిచి కనిపించలేదు. ఆఖరి బోగీ పోయేదాకా ఆమె చేతులు దించలేదు.

ఫోన్లో చిన్న ఆపా ఏడుస్తోంది. "నాకు లారీ అడ్డమొచ్చింది ఆపా. నేను కనవడ్డనా?"

"కనవడ్డవ్ తియ్" అన్నది పెద్ద ఆపా. "బక్కవడ్డవ్. మంచిగ తిను."

గేటు లేచింది. ఎటు పోదామని కొడుకు అడిగితే, వెనక్కి తిప్పమని చేత్తో చూపించింది. డబ్బా మూత తీయనివ్వలేదు. ఎండకు సాయంత్రానికే అన్నం పులిసిపోయింది.

వానాకాలం ముగియకముందే పెద్ద ఆపా పోయింది. చిన్న ఆపాకు వీసా లేదు, దారీ లేదు. ఆఖరి చూపు నా ఫోన్లోనే చూసింది. ఏడ్చి ఏడ్చి, చివరికి నన్ను అడిగింది.

"పొల్లా, ఆనాడు డబ్బాల ఏం పెట్టింది?"

చెప్పాను. 

"తీపి సరిపోయిందా?"

"సరిపోయింది ఆపా" అన్నాను.