చెవిటి మైకు ముందు యాకూబ్

యాకూబ్‌ది నేలకొండపల్లి. సింగపూర్ షిప్‌యార్డులో కేబుళ్లు లాగే పనికి రాకముందు పద్దెనిమిదేళ్లు ఊళ్లో ఒక మైక్‌సెట్టు సేటు దగ్గర పనిచేశాడు. పెళ్లిళ్లకీ, ఉర్సులకీ, ఎలక్షన్ మీటింగులకీ మైకులు కట్టాడు. ఊరందరి మాటలూ ఊరికి వినిపించినవాడు, మైకులో తను అన్నది మాత్రం ఒక్కటే: "హలో, హలో, మైక్ టెస్టింగ్." అంతకు మించి నోరు తెరిస్తే సేటు తిట్టేవాడు.

అతన్ని మా టాక్ షోకి పిలిచింది నా భార్య రాధ. అది రెండువేల ఏడు. ఐటీవాళ్లు సింగపూర్‌లో బిలబిలా దిగుతున్నారు, ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేరే. "వేరే పనులవాళ్ల కబుర్లు కూడా వినాలనుంది" అంది రాధ. ఒక తెలుగు వెబ్‌సైటువాళ్లు తమ ఇంటర్నెట్ రేడియోలో మాకు వారానికో గంట ఇచ్చారు. మొదటి రెండు ఎపిసోడ్లూ చెడిపోయాయి. మూడోదీ చెడితే షో ఆపేస్తామన్నారు.

చెడగొట్టిన ప్రబుద్ధుణ్ణి నేనే. వన్-నార్త్ టెక్ పార్కులో ఇంజనీర్ని కదా, ఇంటర్నెట్‌లో రివ్యూలన్నీ చదివి, ఉన్న డబ్బంతా ఒక్క కండెన్సర్ మైకు మీద పోశాను. బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటు పక్కనుంచే ఎల్ఆర్‌టీ రైలు పోతుంది. ఆ మైకు రైలునీ విన్నది, ఫ్యానునీ విన్నది, పక్కింటి రోటి చప్పుడునీ విన్నది. అతిథి గొంతు ఎక్కడుందో మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం యాకూబ్ వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అన్నీ ఇంటది సార్. మనకు చెవిటిది గావాలె. దగ్గరున్నోని మాటే ఇనేది. పాటలోళ్లు చేత్తోని పట్టుకుంటరు సూడుండ్రి, ఆ రకం."

"పాటల మైకా? టాక్ షోకి?" అన్నాను, చదువుకున్న మిడిసిపాటుతో.

"జాతరల పనిచేసింది గీ గదిల చెయ్యదా సార్."

మా పిల్లల కరోకే పెట్టెలో అలాంటిదొకటి పడి ఉంది. యాకూబ్ మా స్టోర్‌రూము గోడలకు దుప్పట్లు కట్టి, మైకును కూర్చునేవాళ్ల నోటికి బెత్తెడు దూరంలో నిలబెట్టాడు. బయట రైలు పోయింది. హెడ్‌ఫోన్లో దాని జాడే లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది, సిగ్గూ వేసింది.

కానీ అతిథి కుర్చీలో కూర్చోగానే మనిషి బిగుసుకుపోయాడు. "సభకు నమస్కారం" అని ఆగాడు. మళ్లీ "సభకు నమస్కారం."

"నాతోని కాదు మేడం. మీ షో ఖరాబు చేస్త" అంటూ లేచాడు.

"షో సంగతి తర్వాత చూద్దాం అన్నా" అంది రాధ. "ముందు మైకు టెస్ట్ చేసిపెట్టు. రికార్డు చేస్తాం, నువ్వు వద్దంటే చెరిపేస్తాం."

టెస్టింగంటే చేతిలో ఉన్న విద్యే. కూర్చున్నాడు. "హలో, హలో..."

"మొట్టమొదట ఎవరి పెళ్లికి మైకు కట్టావన్నా?"

చెప్పాడు. వానకు తడిసిన ఆంప్లిఫైయరును పెళ్లికొడుకు కండువాతో తుడవడం, హారన్ కట్టడానికి వేపచెట్టెక్కితే కందిరీగలు కుట్టడం, ఇక్కడ ఖాళీ ఓడ అడుగున తన దగ్గు తనకే మోగి భయపడటం, ఒకదాని వెనక ఒకటి. రాధ నవ్వు ఆపుకోలేకపోయింది. యాభై నిమిషాలు గడిచాయి.

"టెస్టింగ్ అయింది మేడం. ఇగ మొదలువెడదామా?"

"అయిపోయిందన్నా" అని హెడ్‌ఫోన్లు అతని చెవులకు తగిలించాను. కాసేపు కదలకుండా విన్నాడు. "మంచిగనే ఉన్నదే. ఉంచుండ్రి" అన్నాడు. మా ఇద్దరికీ గుండెల మీంచి బండ దిగింది.

చెప్పులేసుకోబోయి మళ్లీ లోపలికొచ్చాడు. "ఒకటి మరిచిన సార్. రికార్డు నొక్కుండ్రి."

నొక్కాను. ఈసారి హలో అనలేదు.

"నా పేరు యాకూబ్. మాది నేలకొండపల్లి."