ఆగు అన్నాడు, ఆగే అని విన్నాను

మా చిన్న మావయ్య పోయాడు. గురువారం పొద్దున్న కుక్కర్ మూడో కూత వేస్తుండగా ఖుర్సీపార్ నుంచి అత్తయ్య ఫోను చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనాడే" అని ఒక్క మాట అని, "ఏటైనా తిన్నావా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆ రోజు పప్పు మాడిపోయింది.

ఊళ్ళో చాలామందికి ఆయన భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. సుపేలాలో పూల్ ఆడేవాళ్ళకి మాత్రం 'ఫౌల్ బాబు'. ఆ పేరు వెక్కిరింతగా పుట్టింది, మర్యాదగా మిగిలింది. మధ్యలో ఏం జరిగిందో పూర్తిగా తెలిసినవాళ్ళలో నేనొకదాన్ని, అందుకే ఇది రాస్తున్నాను. పొగిడితే ఆయనకి గిట్టదు. కాబట్టి ముందు ఆయన నన్ను ఓడించిన సంగతి చెబుతాను.

అంతకన్నా ముందు ఒక మాట సంగతి చెప్పాలి. తెలుగులో 'ఆగు' అంటే నిలబడమని. హిందీలో 'ఆగే' అంటే ముందుకు పొమ్మని. మా అమ్మ పెళ్ళయి శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చిన కొత్తలో, ఇల్లు రాగానే రిక్షా అతనితో "ఆగు, ఆగు" అందట. అతను ఇంకా గట్టిగా తొక్కాడు. అమ్మ అరిచిన కొద్దీ రిక్షా వేగం పెరిగింది. చివరికి రైల్వే గేటు దగ్గర ఆగింది, అదీ గేటు వేసి ఉంది కాబట్టి. ఈ కథ మా ఒక్క ఇంటిదే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఖుర్సీపార్‌లో సగం తెలుగిళ్ళలో ఒక రిక్షా ఇలాగే వెళ్ళిపోయిందని.

ఆ కథ విన్నప్పుడల్లా మావయ్య నవ్వేవాడు కాదు. ఆయన ఉద్యోగమంతా పైన క్రేన్ గదిలో కూర్చుని, కింద మనిషి చూపించే చేతి సైగల్ని బట్టి మీటలు కదపడం. అరచెయ్యి ఎత్తి నిలిపితే ఆపాలి. అరచెయ్యి ముందుకు తోస్తే నడపాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ కోడలా, మన ఊరికి రెండు నోళ్ళున్నాయి. చేతినే నమ్ముకోవాల" అనేవాడు. మేనకోడల్ని కాబట్టి నన్ను ఎప్పుడూ కోడలా అనే పిలిచాడు, కోపం వస్తే మాత్రం దీదీ అనేవాడు.

ఇది తొంభైల నడుమ మాట. అప్పటికి మాది ఇంకా మధ్యప్రదేశే. సుపేలాలో ఒక మిఠాయి కొట్టు పైన పూల్ బల్లలు రెండు ఎప్పటి నుంచో ఉండేవి. నేను బీకాం రెండో ఏడు. ఇంట్లో నా కోపం తట్టుకోలేక అమ్మ తలపట్టుకుంటే, మావయ్య నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఈ ఆటలో కోపం వచ్చినవాడు ముందే ఓడిపోతాడట, అంతకన్నా మంచి మందు లేదట. హాలు యజమాని నన్ను చూసి, దీదీ కూర్చోవడానికి కుర్చీ తెమ్మని పురమాయించాడు. మావయ్య ఆ కుర్చీ మీద తన టిఫిన్ డబ్బా పెట్టి, నా చేతికి కర్ర ఇచ్చాడు.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి నాలుగు ముక్కలు. ఒక జట్టుకి నిండు రంగు బంతులు, రెండో జట్టుకి చారల బంతులు. తెల్ల బంతిని కర్రతో కొట్టి, దానితో మన బంతులన్నీ పాకెట్లలో వేసుకోవాలి. ఆఖరికి నల్ల బంతి ఎవరు వేస్తే వాళ్ళు గెలిచినట్టు. కర్ర కొస తప్ప ఇంకేదీ, ఒంటి మీది గుడ్డ కూడా, ఏ బంతికీ తగలకూడదు. తగిలితే ఫౌల్, తెల్ల బంతి ఎదుటివాళ్ళ చేతికి పోతుంది. నల్ల బంతి వేసే దెబ్బలోనే ఫౌల్ అయితే ఆటే పోతుంది.

మావయ్య ఆట చూడ్డానికి ఏమంత అందంగా ఉండేది కాదు. దెబ్బకి ముందు చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు, క్రేన్ కింద ఎవరైనా ఉన్నారేమో చూసుకున్నట్టు. కుర్రాళ్ళు విసుక్కునేవారు. ఇంకో అలవాటుంది, అదే ఆయన కొంప ముంచేది. చొక్కా చెయ్యి ఏ బంతికైనా తాకితే, ఎవరూ చూడకపోయినా, చెయ్యి పైకెత్తి "ఫౌల్" అనేవాడు. అలా ఎత్తీ ఎత్తీ ఏటా టోర్నమెంటు పోగొట్టుకునేవాడు. ఫౌల్ బాబు అన్న పేరు అలా వచ్చింది. "తప్పు జరిగితే ముందు చెయ్యి లేవాల, నోరు తరవాత. నోరు ముందు లేస్తే సాకులు చెప్తాది" అని నాకు నేర్పాడు. నేను నేర్చుకోలేదు, విన్నానంతే.

నేను ఆడిన మొదటి ఏడు, జోడీల టోర్నమెంటులో ఆయనా నేనూ ఫైనల్‌కి వెళ్ళాం. జోడీ ఆటలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి, పార్టనర్‌కి మాట సాయం చెయ్యొచ్చు. ఎదురుగా దుర్గ్‌లో బట్టల కొట్టున్న అన్నదమ్ములు. ఆఖరి ఆటలో నల్ల బంతి నా వంతుకి వచ్చింది. తిన్నని దెబ్బ, పాకెట్ నోటి దగ్గరే ఉంది. నేను వంగి, కర్ర వెనక్కి లాగాను. అప్పుడు మావయ్య గొంతు 'ఆగే' అని గట్టిగా వినిపించింది.

ముందుకే వెళ్ళమంటున్నాడనుకున్నాను. ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినదాన్ని, నా చెవికి హిందీ ముందు, తెలుగు తర్వాత. కొట్టాను. నల్ల బంతి పడింది. చప్పట్లు, ఈలలు. మిఠాయి కొట్టు నుంచి జిలేబీ పళ్ళెం పైకి వచ్చేసింది. నేను బహుమతి కప్పు వైపు చూస్తున్నాను, మావయ్య రిఫరీ వైపు నడుస్తున్నాడు. చెయ్యి పైకెత్తి ఉంది.

తాను 'ఆగే' అనలేదని రిఫరీకి హిందీలో చెప్పాడు. 'ఆగు' అన్నాడట, మా భాషలో నిలబడమని అర్థమట. నా చున్నీ కొస జారి పక్కనున్న చారల బంతి మీద పడబోతోందని ఆపబోయాడు, నేను ఆగలేదు, చున్నీ బంతిని కదిపింది. రిఫరీ పాకెట్ వైపు నిలబడ్డాడు కాబట్టి చూడలేదు. అక్కడున్న వందమందికీ వినిపించింది 'ఆగే' ఒక్కటే, మేనకోడల్ని ఉత్సాహపరుస్తున్నాడనే అనుకున్నారు. తన మాటకి తానే అర్థం చెప్పి, మా చేతిలో కప్పు దుర్గ్ వాళ్ళ చేతిలో పెట్టించాడు. చేతికందింది నోటికందలేదంటారే, నాకైతే జిలేబీతో సహా అందలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు స్కూటర్ ఎక్కనన్నాను. ఆయన కూడా ఎక్కకుండా దాన్ని తోసుకుంటూ నా పక్కనే నడిచాడు. పవర్‌హౌస్ స్టేషన్ దాకా నడిచాం. అక్కడ ఇక ఉండబట్టలేక అడిగాను.

"నువ్వు తెలుగులో అన్నావని అక్కడ ఎవరికి తెలుసు మావయ్యా?"

"నాకెరికే కదేటే" అన్నాడు. "చున్నీ నీది, మాట నాది. తప్పు చెరిసగం. చేత్తో ఆపాల్సింది, నోటితో ఆపినాను" అన్నాడు. తర్వాత స్కూటర్ స్టార్ట్ చేశాడు. నేను ఎక్కాను, కాళ్ళు నొప్పెట్టి.

ఆ ఏడాదంతా నన్ను ఖుర్సీపార్‌లో 'ఆగే దీదీ' అన్నారు. కూరగాయల బండి అతను కూడా అన్నాడు. మా నాన్నకి అది చిన్నతనమైపోయింది. గెలిచిన కప్పు ఇచ్చేసి వచ్చే ఆటకి ఆడపిల్లని పంపడం ఎందుకన్నాడు. అమ్మ నచ్చజెబితే చివరికి ఒక మాట మీద నిలబడ్డాడు: ఇంకొక్క ఏడు చూస్తానని, కప్పు వస్తే ఆడుకోమని, రాకపోతే కర్ర అటకెక్కుతుందని. నాన్న మాట అంటే మాటే. నాకు ఆ బల్ల తప్ప ఇంకే చోటా కోపం లేకుండా ఉండేది కాదు. అదీ పోతే ఏమైపోతానో అని నిజంగా భయపడ్డాను.

మావయ్య కొత్తగా ఏమీ నేర్పలేదు. చున్నీకి రెండు పిన్నులు పెట్టుకోమన్నాడు. ఇక మీదట బల్ల దగ్గర తన నోరు పెగలదని, చెయ్యి చూసుకోమని అన్నాడు. గాజులు వేసుకోవద్దని కూడా చెప్పాడు.

రెండో ఏడు ఫైనల్ శ్రావణమాసంలో పడింది. బోసి చేతులతో గుమ్మం దాటనివ్వనని అమ్మ పట్టుబట్టి రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు వేసింది. అక్కడికెళ్ళి తీసేద్దామనుకున్నాను. వెళ్ళేసరికి నాన్న వచ్చి గోడవార నిలబడి ఉన్నాడు. మొదటిసారి వచ్చాడు. ఆయన్ని చూసి గాజుల సంగతి మర్చిపోయాను.

ఎదురుగా మళ్ళీ ఆ అన్నదమ్ములే. చెరో ఆటా గెలిచి మూడో ఆటకి వచ్చాం. మాకు ఒక్క బంతీ నల్ల బంతీ మిగిలాయి, వాళ్ళకి రెండూ నల్ల బంతీ. దెబ్బ నాది. బల్ల మీదికి బాగా సాగి వంగాను. చిన్నగా టక్‌మంది. నా గాజు చారల బంతిని తాకింది. వెంట్రుకవాసి కదిలింది.

ఫ్యాను చప్పుడులో అది నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. రిఫరీ అవతల ఉన్నాడు. మావయ్య కర్రకి సుద్ద రాసుకుంటున్నాడు. నిజం చెబుతున్నాను, కొట్టేద్దామనే అనుకున్నాను. నాన్న మొహం నాకు ఎదురుగానే ఉంది. కర్ర అటకెక్కడం కళ్ళకి కట్టింది. కానీ అప్పటికే నా చెయ్యి పైకి లేచి ఉంది. నోరు తర్వాత లేచింది.

"ఫౌల్" అన్నాను.

హాల్లో ఎవరో "అయిపోయింది, మావయ్యే అనుకుంటే కోడలూనా" అన్నారు. నాన్న నేల చూశాడు. దుర్గ్ తమ్ముడు తెల్ల బంతి తీసుకుని తనకి కావలసిన చోట పెట్టుకుని ఒకటి వేశాడు. అన్న రెండోది వేశాడు. తమ్ముడు నల్ల బంతి మీదికి వచ్చాడు. కొట్టాడు. అది పాకెట్ అంచులు రెండూ తాకి, లోపలికి తొంగి చూసి, వెనక్కి వచ్చేసింది.

మావయ్య వంతు. మామూలుగా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మా ఆఖరి రంగు బంతిని మెత్తగా పడేశాడు. ఇక నల్ల బంతి నాది. తిన్నగా లేదు. సన్నగా దాని అంచుని తాకించి నడిమి పాకెట్‌లో వెయ్యాలి. ఆ పాకెట్‌ని చేత్తో చూపించి వంగాను. వంగుతూ ఒక్కసారి మావయ్య వైపు చూశాను. ఆయన అరచెయ్యి ఎత్తి నిలిపి ఉంచాడు.

ఆగాను. చున్నీ చూసుకున్నాను, పిన్నులు ఉన్నాయి. అప్పుడు గాజులు గుర్తొచ్చాయి. లేచి, ఒక్కొక్కటీ తీసి, గోడవార నిలబడ్డ నాన్న చేతిలో పెట్టాను. ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్ళీ వంగాను. మావయ్య అరచేతిని మెల్లగా ముందుకు తోశాడు.

నల్ల బంతి ఎటూ తాకకుండా పడింది. తెల్లది దాని వెనకే పోయి, పాకెట్‌కి బెత్తెడు దూరంలో నిలబడింది. నేను ఎగిరానో అరిచానో నాకు గుర్తులేదు. మావయ్య మాత్రం పదకొండేళ్ళకి దక్కిన కప్పుని చంకలో పెట్టుకుని, "చెయ్యెత్తినావు సరే, గాజులు ముందే తియ్యొద్దేటే?" అని నన్ను చివాట్లు పెట్టాడు. ఆ చివాట్లంత తియ్యగా ఆ రోజు జిలేబీ కూడా లేదు.

దుర్గ్ అన్న వచ్చి మావయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "భయ్యా, పోయినేడు కప్పు షోకేస్‌లో పెట్టబుద్ధి కాలేదు, మీ సామాను మా ఇంట్లో ఉన్నట్టుండేది. ఈసారి ఓడిపోయాం, హాయిగా ఉంది" అని హిందీలో చెప్పి నవ్వాడు. ఫౌల్ బాబు అన్న పేరు ఆ రోజు నుంచే జనం గౌరవంగా పలకడం మొదలుపెట్టారు. నాన్న స్కూటర్ మీద ఇంటికి వెళ్తుంటే ఆయన చొక్కా జేబులో నా గాజులు దారంతా గలగలమన్నాయి. కర్ర అటకెక్కలేదు.

ఇప్పుడు నేను కోహ్కాలో ఉంటున్నాను. ఆదివారాలు నాలుగింటికి క్లబ్బులో ఆడపిల్లలకి పూల్ నేర్పుతాను. మొదటి రోజు కర్ర ఇవ్వను, చెయ్యెత్తడం నేర్పుతాను.

రెండేళ్ళ కిందట మావయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి మిగిలింది. అత్తయ్య ఏడ్చింది గానీ, ఆయనకి పెద్ద ఇబ్బందిగా ఉన్నట్టు నాకనిపించలేదు. జీవితమంతా నమ్ముకున్నది ఆ చేతినే కదా. నేను వెళ్తే చాలు, సైగలతో వాయించేసేవాడు. టీలో పంచదార తక్కువైనా, టీవీలో ఎవరైనా ఫౌల్ దాచినా ఆ చెయ్యి లేచేది.

ఆయన పోయిన గురువారానికి ముందు ఆదివారం వెళ్ళాను. మూడున్నర అయ్యేసరికి క్లబ్బు పిల్లలు ఎదురు చూస్తారని లేచాను. అరచెయ్యి ఎత్తాడు. ఆగాను, మళ్ళీ కూర్చున్నాను. నా మణికట్టు పట్టుకుని గాజులు అటూ ఇటూ జరిపి చూశాడు. తీసేయమని సైగ చేశాడు. తీసి బ్యాగులో వేసుకున్నాను. అప్పుడు ఆ అరచెయ్యి గుమ్మం వైపు తిరిగి, మెల్లగా ముందుకు తోసింది. గుమ్మం దాటి వెనక్కి చూస్తే, చెయ్యి ఇంకా దించలేదు.